క్యారేజీ కట్టిన ఆదివారాలు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక అందరూ తలా ఒక మూల ఒరిగిన వేళ మా మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టి, నన్ను లేవనివ్వకుండా తన పక్కనే కూర్చోబెట్టుకుంది. కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి, ఆ చావుకు కారణమైన వాళ్ళను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని మట్టుబెట్టే కథ అది. "అమ్మమ్మా, జర చూడు, ఇప్పుడు వాణ్ణి ఎట్ల కొడతడో" అంటూ ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. అన్ని కార్లు కాలిపోయాయి, అంతమంది పడిపోయారు, నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఆ తండ్రి సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా అన్నం తినలేదన్న సంగతి ఒక్కటే నాకు పట్టింది. అతని భార్య మొదటి పావుగంటలో ఏడ్చి ఎటో వెళ్ళిపోయింది, మళ్ళీ కనబడలేదు.

నా మనవరాలికి తెలియదు గానీ, పగ తీర్చుకోవడానికి బయలుదేరిన మనిషికి నేను ఏడాది పైన ప్రతి ఆదివారం క్యారేజీ కట్టి ఇచ్చాను.

మా వారిది, నాది కృష్ణా జిల్లా. జహీరాబాదులో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని పెళ్ళైన రెండో ఏడే ఇక్కడికి వచ్చి పడ్డాం. మొదట్లో నాకు ఇక్కడి మాట అర్థమయ్యేది కాదు, కూరగాయలమ్మే ఆమె 'ఏం గావాలె' అంటే కోప్పడుతోందనుకుని ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేసిన రోజులు కూడా ఉన్నాయి. తర్వాత పిల్లలు పుట్టి, బడికి పోయి, ఆ భాష వాళ్ళే నేర్చుకొచ్చారు. పెద్దవాడు ఇంట్లో మా మాట, గడప దాటితే ఊరి మాట మాట్లాడేవాడు, రెండూ ఎక్కడా కలవనిచ్చేవాడు కాదు. చిన్నది అమ్మాయి. ఇప్పుడు నేనుండేది దాని దగ్గరే.

పెద్దవాడికి పందొమ్మిదేళ్ళప్పుడు, ఒక మార్చి నెల మధ్యాహ్నం, సైకిలు మీద హైవే దాటుతుండగా లారీ కొట్టేసింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. లారీ ఆగకుండా వెళ్ళిపోయిందని చెప్పారు. పోలీసులు కేసు రాసుకున్నారు, నంబరు ఎవరూ చూడలేదు కాబట్టి వెతకడం కష్టమన్నారు, కొన్నాళ్ళకి ఆ మాట చెప్పడం కూడా మానేశారు.

దినాలు అయిపోయాక మా వారు మామూలుగానే ఫ్యాక్టరీకి వెళ్ళారు. నేను మామూలుగానే వంట చేశాను. మన వయసు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అలాంటప్పుడు ఇల్లు ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియదు, నడుస్తుంది అంతే. ఏడవలేదని బంధువులు నన్ను వింతగా చూశారు. నిజంగానే ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

రోడ్డు పక్కన టీ కొట్టు నడిపే ఒక ముసలామె మా వారితో ఒక మాట చెప్పిందట. ఆ లారీలో అల్లం బస్తాలున్నాయని, వెనక చెక్కల మీద రెండు చిలకల బొమ్మలున్నాయని, చెక్క మార్చడం వల్ల అందులో ఒక చిలకకి తల లేదని. ఆ ఒక్క ఆనవాలు పట్టుకుని ఆయన ఆదివారాలు స్కూటరు మీద తిరగడం మొదలుపెట్టారు. రాయికోడ్ వైపు కొన్నాళ్ళు, మొగుడంపల్లి వైపు కొన్నాళ్ళు, అల్లం తవ్వే పొలాల దగ్గర, కడిగే చోట, బస్తాలు ఎత్తే చోట నిలబడి ప్రతి లారీ వెనక్కీ వెళ్ళి చూసి వచ్చేవారు. ఎక్కడికని నేను అడగలేదు. పొద్దున్నే లేచి అన్నం, ఒక కూర, పెరుగు సర్ది ఇచ్చేదాన్ని.

ఒక ఆదివారం క్యారేజీ పెట్టడానికి స్కూటరు డిక్కీ తెరిస్తే లోపల తువ్వాలులో చుట్టిన మూరెడు ఇనప కడ్డీ ఉంది. కాసేపు చూసి, దాన్ని పక్కకి జరిపి, క్యారేజీ ఒరిగిపోకుండా నిలబెట్టి మూత వేశాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని ఆపాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మరుసటి ఏడు అల్లం తవ్వకాలప్పుడు ఒక సాయంత్రం ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ "దొరికింది" అన్నారు. మొగుడంపల్లి అవతల ఒక పల్లెలో, ఇంటి ముందే లారీ ఆగి ఉందట, డ్రైవరు ఊళ్ళో లేడట. వచ్చే ఆదివారం మళ్ళీ వెళతానన్నారు. నేనూ వస్తానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పేదాన్నేమో. చూడడానికే వెళ్ళాను.

ఇద్దరికీ సరిపడా క్యారేజీ కట్టాను. వంకాయ కూర, చారు, పెరుగన్నం.

ఆ ఇంటి ముందు ఒకామె చేటతో జొన్నలు చెరుగుతోంది. తల లేని చిలక ఆమె వెనకే ఉంది. భర్త బావి దగ్గరికి పోయాడని, వస్తాడని చెప్పి మాకు నులక మంచం వాల్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. మేము తాగలేదు. కాసేపటికి అతను వచ్చాడు, మా వారి ఈడు వాడే, సన్నగా, రబ్బరు చెప్పులతో. మా వారు లేచి స్కూటరు దగ్గరికి వెళ్ళి డిక్కీ మూత మీద చెయ్యి వేసి, "సైకిలు మీద పోయిన అబ్బాయి తండ్రిని నేను" అన్నారు.

అతను పారిపోలేదు. ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు.

"నేనే సారు. కాదంటలేను" అన్నాడు. "దిగకుండ పోయిండని అందరంటరు. దిగిన సారు. తల ఒళ్ళె పెట్టుకొని నీళ్ళు తాపిన. మా అమ్మకు చెప్పకుండ్రి, భయపడ్తది అన్నడు. గంతే అన్నడు. అటెంక జనం ఉర్కొచ్చిన్రు. కొడ్తరని భయమై బండెక్కిన."

చేట పట్టుకున్న ఆమె అలాగే నిలబడిపోయింది. ఆమెకూ అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది. నేను మా వారి చెయ్యి వైపు చూస్తున్నాను. ఆ చెయ్యి మూత తెరుస్తుందని ఎదురు చూస్తున్నాను. అది మెల్లగా కిందికి జారింది. ఆయన వెళ్ళి అతని ఎదురుగా మట్టిలో కూర్చుని, "ఇంకేమన్నాడు?" అని అడిగారు. ఇంకేం అనలేదని అతను చెప్పాడు. మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నారు. అతను మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నారు. కింద పడ్డ జొన్నలు ఒక కోడి వచ్చి తింటుంటే నేను దాన్నే చూస్తూ ఉన్నాను. నా గురించే నా కొడుకు చివరి మాట అన్నాడని వింటున్నాను, ఆ కోడి ఎన్ని గింజలు తింటుందో చూస్తున్నాను.

తిరిగి వస్తూ చెరుకు తోట పక్కన ఆగి క్యారేజీ విప్పాం. మెతుకు మిగల్చకుండా తినేశాం. అంత ఆకలి నాకు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ వేయలేదు.

కడ్డీ మర్నాడు ఇంటి వెనక కనబడింది, తర్వాత దానికి చిక్కుడు తీగ పాకించాను. మా వారు మాత్రం ఆదివారాలు మానలేదు. ఆ ఇంటికే వెళ్ళి, అదే మాట చెప్పించుకుని వచ్చేవారు. ఒకసారి అతను ఈయన మనసు కుదుటపడుతుందని కాబోలు, అబ్బాయి నవ్వాడు సారు అని కొత్తగా కలిపాడట. లేనిది చెప్పొద్దు, ఉన్నంతే చెప్పమని కోప్పడ్డారట.

నాకు ఆయన మీద మంటగా ఉండేది. పోలీసులకు చెప్పలేదు, చెయ్యి ఎత్తలేదు, చుట్టమింటికి పోయినట్టు పోయి వస్తున్నారు. లారీ నంబరు చీటీ మీద రాసుకుని నేనే ఒక పగలు ఠాణాకి వెళ్ళాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చుని, చీటీ చేతిలోనే ఉంచుకుని తిరిగి వచ్చేశాను. ఆ పూట వడ్డిస్తూ అడిగేశాను, ఎందుకు వదిలేశారని. ఆయన ముద్ద కలుపుతూనే చెప్పారు.

"వాడు లేకపోతే ఆ మాట నాకు మళ్ళీ ఎవరు చెబుతారు?"

నేను చారు గిన్నె అందుకున్నాను.

మూడేళ్ళు గడిచాక, ఆయన డ్యూటీలో ఉన్న ఒక ఉదయం ఆ డ్రైవరు మా ఫ్యాక్టరీ క్వార్టరు ముందు నిలబడి ఉన్నాడు. లారీ అమ్మేశాడట, మహారాష్ట్రలో ఉంటున్న బావమరిది దగ్గరికి కుటుంబంతో పోతున్నాడట, సారుకి చెప్పమన్నాడు. వెళ్ళబోయి ఆగాడు. "అమ్మా, మీరు ఒక్కనాడు గూడ నన్నేం అనలే" అన్నాడు.

అనడానికి మాటలు వెతుక్కున్నాను. శాపాలు ఎన్నో దాచుకున్నాననుకున్నాను గానీ ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు తాగించిన నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని అడిగాను.

"లేవమ్మా. పొద్దటి సంది ఎండల బండ్ల ఉన్న నీళ్ళు. ఎచ్చగుండె" అన్నాడు. అబద్ధం చెప్పేయొచ్చు, కానీ చెప్పలేదు. అతను వెళ్ళిపోయాక తలుపు వేసుకుని, అబ్బాయి పోయిన నాలుగేళ్ళకి, మొదటిసారి ఏడ్చాను. అది కూడా ఎక్కువసేపు కాదు, కుక్కరు కూత పెడితే లేచి వెళ్ళాను.

మా వారు పోయి ఎనిమిదేళ్ళవుతోంది. ఆ డ్రైవరు ఉన్నాడో లేడో తెలియదు. అప్పుడు బొంబాయి లారీలన్నీ ఊరి నడిమి నుంచే పోయేవి, దుమ్ము మా వంటింటి గిన్నెల దాకా వచ్చేది. ఇప్పుడు బైపాసు వచ్చింది, పాత రోడ్డు కూడా వెడల్పు చేసి మధ్యలో గోడ కట్టి గన్నేరు మొక్కలు పెట్టారు. ఆ టీ కొట్టు లేదు, అబ్బాయి పడిన చోటికి ఆనవాలుగా ఉన్న తుమ్మచెట్టు లేదు. మా అల్లుడి కారులో అటు పోయినప్పుడల్లా ఇక్కడేనా, ఇంకొంచెం ముందా అని చూస్తూ ఉంటాను. మా వారుంటే చెప్పేవారు. తేల్చుకునే లోపే కారు ఊరు దాటిపోతుంది.