నిఘా ఆపిన పావుగంట

ఈ రోజు ఆత్మకూరులో ఒక ఆఫీసు కంప్యూటర్‌కు నిఘా పెట్టారు. ఏ ఫైలును ఎవరు ఎప్పుడు మార్చారో రాసుకునే ప్రోగ్రాం అది. పెట్టమని పోరాడింది ముంపు ఊళ్లవాళ్లం మేమే. సోమశిల ముంపులో ఊరు పోయిన మరియమ్మక్క పేరు, ఇళ్ల స్థలాల జాబితాలోంచి ఆరు నెలల కిందట మాయమైంది. తీసేసిందెవరని అడిగితే కంప్యూటర్ అన్నారు.

నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరు వివరించాడు. ఉదయగిరి ఆఫీసులో ఉన్నది విండోస్, మెషిన్ వేయగానే నిఘా తనంతట తానే మొదలవుతుందట. ఇక్కడిది యూనిక్స్ అనే వేరే రకం. మెషిన్ మీద సర్వాధికారం ఉండే ఖాతాను రూట్ అంటారట; ఆ రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు కమాండ్ ఇస్తేనే మొదలవుతుంది, ఆపాలన్నా వాళ్లే ఆపాలి. ఆ పాస్‌వర్డ్ ఆఫీసరుగారి ఒక్కరి దగ్గరే ఉంది.

పదకొండింటికి మొదలుపెట్టారు. పది నిమిషాలకే ఆఫీసరు, మెషిన్ నెమ్మదించిందని నిఘా ఆపి, నన్నూ మరియమ్మక్కనూ వరండాలో కూర్చోమన్నాడు. పావుగంట తర్వాత పిలిచాడు.

“ఏందమ్మా, పేరు లేదని ఊరంతా చెప్తుండావు? పదిహేడో నంబరు నీదే. మొదట్నుంచీ ఉండాది.”

“ఉంటే ఆర్నెల్లు మీ గుమ్మం కాడ ఎందుకు కూర్చుంటాను సార్?”

నిఘా ఏం రాసుకుందో చూపించమన్నాను. ఇంజనీరు తెర నావైపు తిప్పాడు. రూట్ ఆపినట్టు ఒక వరుస, రూట్ మళ్లీ మొదలుపెట్టినట్టు ఒక వరుస. మధ్యలో ఏమీ లేదు.

మరియమ్మక్క తన పేరున్న జాబితా నకలు తీసుకుని బస్సెక్కింది. నేను మాత్రం గొడవకని రాసుకెళ్లిన మూడు పేజీల అర్జీతో నిలబడిపోయాను. నిఘా పెట్టమన్న నేనే, రేపు ఇంకో పావుగంట ఆపమని అడగాలా? మీ పేర్లు కూడా మాయమై ఉంటే చెప్పండి, అందరం కలిసే అడుగుదాం.