హగరి ఒడ్డున నోరమ్మ ఆస్పత్రి

మా పెద్దమ్మ పేరు నోరమ్మ. గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి అలా పిలుస్తారేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఈమధ్య అడిగితే, "అది ఐర్లండ్ డాక్టరమ్మ పేరు. నోరా అని. మా అమ్మకు పురుడు పోసింది ఆమే, బళ్లారి పక్కన హగరి ఏటి ఒడ్డున, ఆమె ఆస్పత్రిలో. చివరిదాకా అక్కడే ఉండిపోయింది" అంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఇక్కడే ఎందుకు ఉండిపోయింది? పెద్దమ్మకు తెలియదు. తెలుసుకుందామని నేనే బయల్దేరాను.

అనంతపురం నుంచి పొద్దున్నే గుంతకల్లు చేరి, అక్కడ బళ్లారి ప్యాసింజరు ఎక్కాను. గంట పైచిలుకు ప్రయాణం. దారిలో హగరి మీద రైలు వంతెన దాటుతాం. ఏట్లో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. బళ్లారి స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ ఏడు వందలు. డ్రైవరు ఖాజా గాంధీనగర్ మనిషి.

"నోరమ్మ ఆస్పత్రి తెలుసా అన్నా?"

"తెల్వకేమక్కా! మా నానికి, అదే మా అమ్మమ్మకి, కండ్ల ఆపరేషన్ చేసింది ఆయమ్మనే. ఇప్పుడు వేరే డాక్టరొస్తాడు, మధ్యాన్నం దాకా ఉంటాడు."

అరగంటలో చేరాం. నాలుగు గదుల రాతి కట్టడం. వరండా నిండా గర్భిణులు. తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "నీకు ఎన్నో నెలమ్మా?" అంది. నేను వచ్చిన పని చెబితే నవ్వి, పని అయ్యేదాకా కూర్చోమంది. ఆమె పేరు హనుమక్క. ఆ ఆస్పత్రిలోనే పెరిగి, పురుళ్లు పోయడం నేర్చుకుందట.

అందరూ వెళ్లాక, డాక్టరమ్మ ఎందుకు ఉండిపోయిందని అడిగాను.

"రెండేండ్లుండి పోదామనే వచ్చిందంట. బళ్లారిలో ఉంటాండె. ఒకనాడు మా అమ్మకు నొప్పులొచ్చినాయి. మా నాయన బండి కట్టేసరికి ఏరు నిండుగా పారతాంది, దాటేకి లేదు. రైలు టేసను నుంచి కబురు తెల్సి డాక్టరమ్మ రైలు వంతెన మీద నడ్సుకుంటా వచ్చింది. రైలోళ్లు వద్దన్నా వినలేదంట. ఆయమ్మ వచ్చేసరికే మా అమ్మకు రక్తం చానా పోయింది. నేను బతికినా. అమ్మ దక్కలేదు."

హనుమక్క తనే కొనసాగించింది.

"ఆయమ్మ వాళ్ల దేశంలో నాయనిచ్చిన ఇల్లు అమ్మి, ఈ గట్టున ఆస్పత్రి కట్టించింది. ఏరొచ్చినా రాకున్నా డాక్టరు ఈ పక్కనే ఉండల్ల అనింది."

"తెలుగు వచ్చేదా ఆమెకు?"

"రాకేం! 'ఏమప్పా, యాడ నొస్తాంది?' అంటాండె. కోపమొస్తే మాత్రం వాళ్ల భాషే."

"మళ్లీ తన ఊరికి వెళ్లలేదా?"

"ఒక్కసారి పోయింది, ముసల్దయినాక. ఇంక రాదని నేను చానా ఏడ్సినా. మూడు నెల్లకే వచ్చేసింది. ఏమ్మా అంటే, 'ఆడ నడిరాత్రి తలుపు కొట్టి నన్ను నిద్రలేపేవాళ్లు ఎవరూ లేరే హనుమీ' అనింది."

ఆస్పత్రి వెనక ఆమె సమాధి ఉంది. నేను వెళ్లేసరికి ఎవరో బాలింత తాజాగా కనకాంబరాలు పెట్టి వెళ్లింది. తిరుగు రైల్లో ఆ వంతెన వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడ్డాను. నడవడానికి పక్కన చోటే లేదు, కింద ఏరు చాలా వెడల్పు. దయగల మనుషులంటే నెమ్మదిగా, ప్రశాంతంగా ఉంటారని నాకొక ఊహ ఉండేది. ఆమె ఎవరు వద్దన్నా వినకుండా ఈ వంతెన మీద వచ్చింది, అయినా ఆలస్యమైంది. ఆ తర్వాత ఇంకెవరికీ ఆలస్యం కాకూడదని బతికినన్నాళ్లూ ఇక్కడే ఉండిపోయింది.

మీరు వెళ్లదలిస్తే మధ్యాహ్నం దాటాకే వెళ్లండి. పొద్దున ఆ వరండా బెంచీలు గర్భిణులకు కావాలి.