వరద డ్యూటీ, కుడి బొటనవేలు

మా దళం రాజోలు దిగువన ఏటిగట్టు మీదికి చేరేసరికి ఉదయం ఆరయింది. వాన ఆగలేదు. వశిష్ఠ గోదావరి గట్టుకి మూరెడు కిందుగా పోతోంది. ఎర్రనీళ్ళు, వాటిలో అరటి బోదెలు, కొబ్బరిమట్టలు, ఎవరిదో గడ్డివాము. సుబేదార్ సాబ్ రెండు ముక్కల్లో ఆర్డరు ఇచ్చారు. హైస్కూల్లో మకాం. రెండు రబ్బరు బోట్లు, రెండు ఇంజన్లు. ఏటి మధ్య లంకల్లో చిక్కుకున్నవాళ్ళని చీకటి పడేలోగా గట్టెక్కించాలి.

మాది సఖినేటిపల్లి. సర్వీసులో మంచు చూశాను, ఇసక చూశాను. సొంత గోదావరి మీద డ్యూటీ పడటం అదే మొదలు, అదే చివర. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. బోటు ఇంజను నడిపేవాడు గఢ్వాల్ కొండలవాడు. రేడియో ఆపరేటర్‌ది బీహారు. మందులపెట్టె మోసే నర్సింగ్ అసిస్టెంట్‌ది కేరళ. మేం మాట్లాడుకునేది హిందీ. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

లంకవాళ్ళని ఇల్లు కదిలించడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. వరదని వాళ్ళు అరుగు మెట్లతో కొలుస్తారు. "ఇంకా రెండు మెట్లుందండి. మా నాన్నగారి టైములో కూడా మూడో మెట్టు దాటలేదండి" అంటారు, బోటు వాకిట్లో నిలబెట్టుకుని. నాకు ఒళ్ళు మండేది. బతిమాలేవాణ్ణి, కసిరేవాణ్ణి. తెలుగులో కసిరితేనే కదిలేవారు. హిందీలో ఎంత అరిచినా మంచినీళ్ళు కావాలా అని అడిగేవారు.

మధ్యాహ్నం ఒక లంకలో చివరి ఇంటికి వెళ్ళాం. అరుగు మీద మోకాల్లోతు నీళ్ళు. ఆ ఇంటావిడ సత్తెమ్మగారు, డెబ్భై దాటిన మనిషి, భర్త మంచం పక్కన నిలబడి ఉంది. ఆయనకి పక్షవాతం. భారీ మనిషి.

"ఆయన లేవరండి బాబూ. మమ్మల్ని వదిలేసి మిగిలినోళ్ళని చూసుకోండి."

"మంచంతో పట్టుకెళ్తామండి మామ్మగారూ. మీరు ముందు ఎక్కండి."

నవ్వారు మంచం. ముందువైపు ఇంజను నడిపేవాడు, వెనకవైపు నేను. మెట్లు నీళ్ళ కింద ఉన్నాయి, కనపడవు. ఒక మెట్టు తప్పింది. మంచం వదల్లేదు, నడుము మాత్రం మెలితిప్పాను. పిర్రలోంచి నిప్పు బయల్దేరి తొడ వెనక నుంచి పిక్క మీదుగా కుడి బొటనవేలి దాకా పాకింది. కళ్ళు చీకట్లు కమ్మాయి.

"ఉస్తాద్, ఏమైంది?" ముందునుంచి అడిగాడు. ఫౌజులో సీనియర్ని అలాగే పిలుస్తారు.

"ఏం లేదు. నడువు."

మంచం బోటు ఎక్కింది. నేను ఎలా ఎక్కానో గుర్తులేదు.

హైస్కూలుకి వచ్చాక కూర్చోలేను, నిలబడలేను, పడుకోలేను. దగ్గితే పాదం దాకా జివ్వున లాగేది. వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నర్సింగ్ అసిస్టెంట్ మాత్రలిచ్చాడు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తాడు. సగం కూడా లేవకముందే నేను కేక పెట్టాను. బొటనవేలు ఎత్తమన్నాడు. ఎత్తాను.

"నరం నొక్కుకుంది. ఇప్పటికి బలం ఉంది. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోండి, కాసేపు నడవండి, మళ్ళీ పడుకోండి. బరువు ముట్టుకోకండి. వేలు లేవకపోతే మాత్రం ఆ నిమిషంలోనే నాకు చెప్పాలి."

"రేపు బోటు ఎవరెక్కుతారు? మామ్మగార్లతో మలయాళంలో మాట్లాడతావా?"

అతను నవ్వలేదు. నాకు అతని నెమ్మది మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు ఆదివారం. గట్టెక్కించినవాళ్ళనీ ఆ హైస్కూల్లోనే ఉంచాం. తెల్లారగానే సత్తెమ్మగారు మా గది గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, మా ఆయన్ని మోసిన నడుమండి అది. నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. ఆదివారం పరగడుపున తొక్కించుకుంటే మంచిదండి."

ఈ సంగతి మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. తల్లి కడుపులోంచి తల బదులు కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు తొక్కితే నడుంపట్టు వదులుతుందని నమ్మకం. నా చిన్నప్పుడు మా నాన్నని ఇలాంటి ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళడం నేను చూశాను. సత్తెమ్మగారు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదట. చుట్టుపక్కల లంకల్లో ఆవిడ కాలు పడని నడుము లేదట. ఇవన్నీ వెనకాల నిలబడ్డ జనం చెప్పారు.

నర్సింగ్ అసిస్టెంట్ అడ్డం వచ్చాడు. "వద్దు సాబ్. నొప్పి కాల్లోకి దిగింది. దీని మీద తొక్కకూడదు."

సుబేదార్ సాబ్ చెయ్యి ఊపారు. "మా ఊళ్ళోనూ ఉంది ఇది. మా మేనత్త ఇలాగే పుట్టింది. ఎంతమందిని లేపి నిలబెట్టిందో. కానివ్వండి."

నేను అప్పటికే బోర్లా పడుకున్నాను. నాకు బోటు కావాలి. అంతే.

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని ఎడమ పాదం నా నడుము మీద పెట్టింది. చల్లటి పాదం. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ మూడుసార్లు తొక్కింది. లేచాను. నమ్మండి, నమ్మకపోండి, మంట సగానికి సగం తగ్గింది. జనం మురిసిపోయారు. "చూసేరా, ఆవిడ కాలి మహిమ" అన్నారు. సుబేదార్ సాబ్ నర్సింగ్ అసిస్టెంట్ వైపు మీసం దువ్వుతూ చూశారు. సత్తెమ్మగారు మాత్రం మొగుడికి గంజి పట్టడానికి వెళ్ళిపోయింది.

బూట్లు ఆరక చెప్పులతోనే ఆ ఉదయం నాలుగు ట్రిప్పులు తిరిగాం. పిక్క కాస్త మొద్దుబారినట్టుంది. తడికి అనుకున్నాను. పదకొండు దాటాక గట్టు ఎక్కుతుంటే రేడియో ఆపరేటర్ నా పాదాల వైపు చూశాడు.

"ఉస్తాద్, మీ కుడికాలి చెప్పు ఏదీ?"

కిందికి చూశాను. లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. జారిందన్న సంగతే తెలియలేదు. వేలు ఎత్తబోయాను. అది నాది కానట్టు పడి ఉంది. మడమ మీద నిలబడబోతే పాదం చప్పున కిందికి వాలింది. అప్పుడు భయమేసింది. తూటాలకి వెయ్యని భయం.

నర్సింగ్ అసిస్టెంట్ పరిగెత్తుకొచ్చాడు. "మూత్రం మామూలుగా వస్తోందా? తొడల మధ్య స్పర్శ ఉందా?" రెండూ ఉన్నాయన్నాను. "అవి కూడా పోతే గంటలతో పందెం. అయినా ఇది ఆగే కేసు కాదు" అని రేడియో సెట్ తీసుకున్నాడు.

"బోటు రెండు నుంచి ఒక పేషెంటు. ఓవర్."

"సివిలియనా? ఓవర్."

"కాదు. మనవాడే. పాదం పడిపోయింది. ఓవర్."

జీపులో ఎక్కిస్తుంటే సత్తెమ్మగారు వరండా చివర నిలబడి ఉంది. వేలాడుతున్న పాదాన్ని చూసింది. "నా వల్లేనాండి?" అని నన్ను కాదు, పక్కనున్నవాళ్ళని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు జీపు కదిలింది.

మిలిటరీ ఆసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరు మేజర్ మేడమ్‌ని అదే అడిగాను. తొక్కినందువల్లేనా?

"రెండు వెన్నుపూసల మధ్య మెత్త ఉంటుంది. అది పక్కకి ఉబికి నరాన్ని నొక్కింది. మంచం మోసినప్పుడే ఉబికి ఉంటుంది. తొక్కుడుతో ఎక్కువై ఉండొచ్చు, కాకపోనూవచ్చు. ఖచ్చితంగా నేను చెప్పలేను."

"తొక్కాక నొప్పి తగ్గింది కదండీ?"

"నొప్పి తగ్గి బలం పోతే అది నయం కావడం కాదు. నరం మాట్లాడటం మానేసింది."

తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు పైపు మీద ఎవరో నిలబడితే చివర మొక్క ఎండుతుంది. నాకు అలా అర్థమైంది. చాలామందికి కోత అక్కర్లేదని, మందులు, నడక, ఫిజియోథెరపీతో వారాల్లో సర్దుకుంటుందని ఆవిడ చెప్పారు. నాకు పాదం పడిపోయింది కాబట్టి ఆపరేషన్ చేసి నరం మీద పడ్డ ముక్క తీసేశారు. మెలకువ వచ్చేసరికి కాల్లో మంట లేదు. వేలు మాత్రం లేవలేదు. నొప్పి ముందు పోతుందట, బలం దానికి తీరికున్నప్పుడు వస్తుందట, కొంత రాకపోవచ్చట.

నాకేమో తీరిక లేదు. పాదానికి ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని వార్డులో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేవాణ్ణి. వేలి వైపు చూస్తూ లే, లే అని ఆర్డర్లు ఇచ్చేవాణ్ణి. బరువు ఎత్తడం మళ్ళీ మొదటినుంచి నేర్పించారు. మోకాళ్ళు వంచు, బరువు గుండెకి ఆనించుకో, నడుము తిప్పకు, పాదాలు తిప్పు. ఇన్నేళ్ళ సైనికుడికి బకెట్ ఎత్తడం నేర్పుతుంటే నవ్వొచ్చింది. చలికాలంలో ఒకరోజు వేలు కదిలింది. ఏడ్చాను. తర్వాత బోటు మీదికి మళ్ళీ పంపలేదు. స్టోర్లో కూర్చోబెట్టారు. కూర్చోవడమే నా నడుముకి గిట్టదు. టర్ము ముగియగానే పెన్షన్ పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

వచ్చిన వారమే ఆ లంకకి వెళ్ళాను. గోదావరి పిల్లకాలువలా ఉంది. పడవ దిగి ఇసకలో నడిచాను, కర్ర లేకుండా. ఆవిడకి అది చూపించాలని.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన అదే నవ్వారు మంచం, దాని మీద ఆయన. అప్పుడే కొబ్బరికాయలు దింపే అతనొకడు నడుము పట్టుకుని వంగి వచ్చాడు.

"ఓ తొక్కు తొక్కండి మామ్మగారూ. రేపు దింపు ఉందండి."

"నేను తొక్కట్లేదు నాయనా."

"వరద కాడ్నించీ మానేసేరండి" అని పొరుగింటావిడ నాతో అంది, నేనెవరో తెలియక.

నేను అతన్ని అడిగాను. నొప్పి కాల్లోకి దిగుతోందా, వేలు లేస్తోందా, మూత్రం బాగా వస్తోందా. పిక్క దాకా లాగుతోందన్నాడు. రేపటి దింపు మానుకుని అమలాపురంలో డాక్టరుకి చూపించుకోమన్నాను. ఆయ్ అన్నాడు.

నా గొంతుకి సత్తెమ్మగారు తల తిప్పింది. గుర్తుపట్టింది. మొహం వైపు చూడలేదు, చెప్పుల వైపు చూసింది.

"మీ వల్ల కాదండి మామ్మగారూ. డాక్టరుగారే చెప్పేరు, మోసినప్పుడే అయిపోయిందని." మేజర్ మేడమ్ చెప్పింది అంత కాదు. నాకు అంతే చెప్పాలనిపించింది.

"ఏదీ, వేలు ఎత్తు నాయనా."

చెప్పులు విడిచి అరుగు ముందు నిలబడ్డాను. రెండు బొటనవేళ్ళూ ఎత్తాను. ఎడమది లేచింది. కుడిది లేచింది, ఎడమదంత లేవలేదు. బలమంతా పెట్టాను. పాదం వణికింది గానీ వేలు ఇంకొంచెం కూడా పైకి రాలేదు.

ఆవిడ రెండు వేళ్ళనీ మార్చి మార్చి చూసింది. అరుగు కిందికి జారవిడిచిన తన పాదాలు రెంటినీ పైకి తీసుకుని, చీర కుచ్చిళ్ళు లాగి వాటి మీద కప్పేసుకుంది.