పటమట కొట్లో ఫ్రిజ్‌ల పందెం

రెండు వేల ఇరవై మూడు, మే నెల. విజయవాడ పటమటలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లోనే మా ఫ్రిజ్‌ల కొట్టు. మా ఆయన పెట్టిన కొట్టు అది. ఆయన పోయాక మా అబ్బాయి మురళి నడుపుతున్నాడు గానీ, గల్లాపెట్టె పక్కనున్న కుర్చీ మాత్రం ఇప్పటికీ నాదే. నా చదువు ఐదో తరగతితో సరి. ఫ్రిజ్‌ల గురించి నాకు తెలిసినదంతా ఆ కుర్చీలో కూర్చుని, కొన్నవాళ్లు మళ్లీ వచ్చి చెప్పిన మెచ్చుకోళ్లూ తిట్లూ విని తెలుసుకున్నదే.

మే నెలలో మా కొట్లో నిలబడటానికి చోటుండదు. ఇంట్లో పాలు విరిగాయని ఒకరు, పిండి పులిసి పొంగిపోయిందని ఒకరు పరిగెత్తుకుని వస్తారు. వచ్చినవాళ్లు మొదట రంగు చూస్తారు. తర్వాత పువ్వులు చూస్తారు. తలుపు మీద పువ్వులుంటే లోపల కూర ఎక్కువ రోజులు ఉంటుందనుకుంటారో ఏమో! అన్నీ చూశాక చివర్న అడుగుతారు, “ఎన్నేళ్లు వస్తుంది మామ్మగారూ?” అని. ఆ మాట మొదట అడగాలమ్మా అంటాను నేను.

ఆ మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒకావిడ పదేళ్ల పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు పద్మ. పామర్రు అవతల ఒక పల్లెలో సైన్సు టీచరు. పిల్ల పేరు హర్షిత. టీచరు రంగు చూడలేదు, ధర అడగలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, “కరెంటు పోయినా చల్లగా ఉండే ఫ్రిజ్ కావాలండీ” అంది.

“కరెంటు పోతే ఏ ఫ్రిజ్ అయినా బీరువాయే కదమ్మా” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పిల్లని బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. హర్షితకి షుగరు. పుట్టిన రెండేళ్లకే వచ్చిందట. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి. రెండు డిగ్రీల కంటే తగ్గకూడదు, గడ్డకడితే పాడైపోతుంది. ఎనిమిది డిగ్రీలు దాటి అలాగే ఎండ వేడికి ఉండిపోతే మందులో బలం పోతుంది. మొన్న ఏప్రిల్లో గాలివానకి వాళ్ల ఊళ్లో తీగలు తెగి కరెంటు పోయింది. ఆ మందే తర్వాత కూడా వాడారు. చూడ్డానికి నీళ్లలా బాగానే ఉందట. పిల్లకి వాంతులు పట్టుకుని, ఆయాసం వచ్చి, ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది.

“ఇంకోసారి అలా జరిగితే నేను తట్టుకోలేనండీ” అంది.

ఇన్నేళ్ల వ్యాపారంలో పాలకోసం ఫ్రిజ్ అమ్మాను, పూలకోసం అమ్మాను, పెళ్లి వంటల కోసం అమ్మాను. ఒక పిల్ల ప్రాణం కోసం అమ్మడం అదే మొదలు.

మురళి వచ్చి తన పాట మొదలెట్టాడు. “ఈ డబల్ డోర్ చూడండి మేడమ్. ఫ్రాస్ట్ ఫ్రీ. లోపల ఫ్యాను తిరుగుతూ చల్లగాలిని అంతటా పంపుతుంది, ఐసు పేరుకోదు, గీకే పని లేదు.”

“కరెంటు పోతే ఆ ఫ్యానెవరు తిప్పుతార్రా, నువ్వెళ్లి విసురుతావా?” అన్నాను.

“అమ్మా, నువ్వుండు.”

“నేనుండే చెబుతున్నా. టీచరమ్మా, ఇటు చూడండి.” మూలనున్న తెల్ల ఫ్రిజ్ చూపించాను. ఒకటే తలుపు, పువ్వుల్లేవు. దీన్ని డైరెక్ట్ కూల్ అంటారు. పైన చిన్న ఐసు గది, ఆ చల్లదనమే కిందికి దిగుతుంది. ఫ్యాను లేదు, ఎలక్ట్రానిక్ బోర్డులు లేవు. లోపల చెడిపోయే సామాను తక్కువ కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. చెడినా పామర్రులో ఉన్న ఏ మెకానిక్కయినా బాగుచేస్తాడు.

టీచరు రెండింటినీ మార్చి మార్చి చూసింది. గాజు తలుపుతో మధ్య రకం ఒకటుంటే దాన్నీ చూసింది. తర్వాత అడిగిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

“మీరు ఒకటి చెబుతున్నారు, మీ అబ్బాయిగారు ఒకటి చెబుతున్నారు. పరీక్ష పెడదామా అండీ?”

“ఏం పరీక్ష?”

“మూడింటినీ రాత్రంతా ఆన్‌లో ఉంచండి. రేపు పొద్దున వస్తాను. అప్పుడు కరెంటు తీసేద్దాం. సాయంత్రం దాకా ఏది ఎనిమిది డిగ్రీలు దాటకుండా ఉంటుందో చూద్దాం. థర్మామీటర్లు మా బడి ల్యాబువి తెస్తాను.”

మురళి నోరు తెరిచేలోపు నేను సరేననేశాను. ఇన్నేళ్లు నోటితో అమ్మిన సరుకు నిజంగా ఏం చేస్తుందో కళ్లతో చూసే అవకాశం నాకెప్పుడొచ్చింది గనక! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

శనివారం పొద్దున టీచరు పిల్లతో సహా వచ్చి, మూడు ఫ్రిజ్‌ల్లోనూ ఒక్కో గ్లాసు నీళ్లు, అందులో ఒక్కో థర్మామీటరు పెట్టింది. మూడూ నాలుగు డిగ్రీల దగ్గరే ఉన్నాయి. మురళి ఆ ఫ్రిజ్‌లున్న గోడకి వెళ్లే మెయిన్ స్విచ్చి దించేశాడు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్ప ఎవరూ తలుపు తియ్యకూడదని టీచరు షరతు పెట్టింది.

షరతులు పెట్టడం తేలికే. సంగతి పావుగంటలో సందంతా పాకింది. ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరాయన డబల్ డోర్ మీద కాఫీ పందెం కాశాడు. పక్కనున్న టైలరు నా తెల్లదాని మీద కాశాడు. ఇక చూడాలి! వచ్చినవాడల్లా, “చల్లగానే ఉందా మామ్మగారూ?” అంటూ తలుపు లాగేవాడే.

“ముయ్యరా తలుపు!”

“ఒక్కసారే కదండీ, వేలు పెట్టి చూశానంతే.”

“ఆ వేలు మడిచి జేబులో పెట్టుకో.”

మా కొట్లో చాన్నాళ్లుగా పనిచేస్తున్న బాజీ అందరికంటే ఘనుడు. ఎవరైనా తలుపు తీశారా లేదా అని చూడ్డానికి తలుపు తీసేవాడు. నిజం చెప్పొద్దూ, నేనూ తీశాను. నా తెల్లది నెగ్గుతుందో లేదోనని ఆత్రం ఆగక కాస్త సందు చేసి చూశాను. టీచరు పక్కనే ఉండి చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆవిడ కూడా గాజు తలుపుది తీయడం నేను గమనించాను.

బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. మధ్యాహ్నానికే డబల్ డోర్ ఎనిమిది దాటింది. మురళి ముఖం ముడుచుకుంది. ఇంకాసేపటికి గాజుది దాటింది. నాలో హుషారు పొంగింది. ఎండ వాలేసరికి నా తెల్లది కూడా దాటేసింది.

టీచరు థర్మామీటరు చేత్తో పట్టుకుని అలా కూర్చుండిపోయింది. “అయితే ఏదీ పనికిరాదన్నమాట” అంది. హర్షిత అమ్మ చెయ్యి పట్టుకుని, “పోనీలే అమ్మా, ఐసు డబ్బాలో పెట్టుకుందాం” అంది. ఆ పిల్లే తల్లిని ఓదారుస్తోంది.

సరిగ్గా అప్పుడు బాజీ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. “మామ్మగారూ, తాళంచెవి ఇవ్వండి. నాలుక పిడచకట్టుకుపోయింది, మజ్జిగ తాగుతాను.”

ఆ తాళంచెవి సంగతి చెప్పాలి. కొట్టు వెనకవైపు మా సొంత ఫ్రిజ్ ఒకటుంది. మురళి బడికెళ్లే రోజుల నాటిది. ఒకటే తలుపు, పెచ్చులూడిన రంగు. ఇన్నేళ్లలో దాని గాస్కెట్టు మార్పించాను గానీ, కంప్రెసర్ జోలికి వెళ్లే అవసరం రాలేదు. గాస్కెట్టంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ. కంప్రెసర్ అంటే వెనకాల గుర్రుమంటుండేది, ఫ్రిజ్‌కి గుండెకాయ. అందులో కొట్లో వాళ్లకి మజ్జిగ పెడతాను. తెరిచి ఉంచితే మధ్యాహ్నం లోపలే తపేలా ఖాళీ చేసేస్తారని తాళం వేసి, చెవి నా బొడ్లో దోపుకుంటాను. ఆ రోజు పందెం గోలలో మజ్జిగ సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

బాజీ తాళం తీసి తలుపు లాగాడు. తెల్లటి చలి పొగ కాళ్ల మీదికి దిగింది.

“అబ్బ, ఎంత చల్లగా ఉందండీ!” అన్నాడు.

మురళి అటు తిరిగి చూసి, మెయిన్ స్విచ్చి వైపు చూసి, “అమ్మా! దాని ప్లగ్గు కూడా ఆ గోడదే! పొద్దుట్నుంచీ దానికీ కరెంటు లేదు!” అని అరిచాడు.

టీచరు ఒక్క గెంతున వెళ్లి మజ్జిగ తపేలాలో థర్మామీటరు ముంచింది. అందరం దాని చుట్టూ మూగాం. “ఆరు! ఆరు డిగ్రీలే!” అని హర్షిత ఎగిరి గంతేసింది. టైలరు చప్పట్లు కొట్టాడు. టిఫిన్ సెంటరాయన, “దీని మీద ఎవరూ పందెం కాయలేదు, కాఫీ ఎవరికివ్వాలి?” అని పట్టుకున్నాడు. పిల్లలు గోళీలాటలో నెగ్గినప్పుడుండే సంబరం ఈ వయసులో నాకు వచ్చింది.

టీచరు మాత్రం ఆ తలుపు ముందే నిలబడిపోయింది. ఐసు గది నిండా దిమ్మలా పేరుకున్న ఐసు చూసింది. తాళం చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది.

“మా ఇల్లు ఉమ్మడి కాపురం అండీ. కరెంటు పోగానే మా మామగారు, మరిది పిల్లలు అందరూ ఫ్రిజ్ దగ్గరికే పరిగెడతారు. కాసేపైతే నీళ్లు వేడెక్కిపోతాయి, ఇప్పుడే తాగెయ్యండి అని నేనే సీసాలు తీసి అందిస్తాను. ఆ రోజు కూడా నేనే అందించాను.”

మేం పొద్దుట్నుంచీ చేసింది అదే కదా.

“అదే ఇచ్చెయ్యండి మామ్మగారూ. ఎంతైనా ఇస్తాను” అంది.

“ఇవ్వను. ముసలిదయిపోయింది, రేపో మాపో ఆగిపోతుంది. మందు పెట్టుకునే ఇంటికి పాతది అమ్మితే నాకు అన్నం దిగదు. ఆ తెల్లదానికీ తాళం ఉంది. రేపు మళ్లీ పరీక్ష పెడదాం.”

ఆదివారం కొట్టు సెలవు. అయినా తెరిపించాను. పాతదాంట్లో పేరుకున్న ఐసు దిమ్మకి బదులుగా, రాత్రే తెల్లదాని ఐసు గదిలో నీళ్ల సీసాలు గడ్డకట్టించాం. తాళం వేసి చెవి హర్షితకిచ్చాను. అన్యాయం జరగకూడదని మురళి తన డబల్ డోర్ ఐసు గదిలోనూ సీసాలు పెట్టి, తలుపులకి ప్యాకింగు టేపు చుట్టాడు. ఆ రోజు ఎవరి వేలూ ఎక్కడా దూరలేదు. బాజీ తాళం దగ్గరికి వెళ్తే చాలు, హర్షిత చెవి పిడికిట్లో బిగించి “ఊహూఁ” అనేది.

దీపాలు పెట్టే వేళకి తీశాం. డబల్ డోర్ ముందు రోజు కంటే ఎంతో నయం, అయినా ఎనిమిది దాటింది. తెల్లది ఏడు దాటలేదు. మురళి కాసేపు తల గోక్కుని, “సరే, నువ్వే గెలిచావు” అన్నాడు. “నేను కాదురా, తాళం గెలిచింది” అన్నాను.

బిల్లు రాసేముందు అన్నీ చెప్పాను. తలుపు సందులో క్యాలెండరు కాగితం పెట్టి మూసి లాగి చూపించాను. బిగుతుగా వస్తే గాస్కెట్టు బాగున్నట్టు. జారి వచ్చేస్తే చల్లదనం కూడా అలాగే జారిపోతుంది. గోడకి ఆనించకుండా జానెడు ఎడం ఉంచమన్నాను. ఓల్టేజి ఎగిరి కంప్రెసర్ కాలిపోకుండా స్టెబిలైజరు పెట్టమన్నాను. మందు ఐసు గదికి దగ్గరగా పెట్టకూడదు, కింది అరలో డబ్బాలో పెట్టాలి, పక్కనే థర్మామీటరు ఉంచాలి అని టీచరే నాకు చెప్పింది. అది నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. తాగే నీళ్లకి కుండ కొనుక్కోమని పంపించాను.

జూన్ మొదట్లో ఒక పొద్దున పెద్ద గాలివాన. విజయవాడలోనే చెట్లు కూలాయి. పల్లెల సంగతి తలుచుకుంటే నాకు కాలు నిలవలేదు. ఆ సాయంత్రం టీచరు ఫోన్ చేసింది.

“కరెంటు ఇప్పుడే వచ్చిందండీ. ఏడున్నర. ఏడున్నర డిగ్రీలే ఉంది మామ్మగారూ!” ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “మా మామగారు చల్లనీళ్లు కావాలని ఒకటే గోల. హర్షితేమో బడి ఐడీ కార్డు తాడుకి తాళంచెవి కట్టుకుని మెళ్లో వేసుకుంది. కరెంటు వచ్చేదాకా కుండలో నీళ్లే తాతయ్యా అని గుమ్మంలో కూర్చుంది. ఆయన అలిగి, చివరికి కుండనీళ్లే తాగారు.”

ఫోన్ పెట్టేసి మురళిని, బాజీని పిలిచి ఇద్దరికీ మజ్జిగ పోశాను. అడక్కుండా నేను పోయడం అదే మొదలని బాజీ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ తర్వాత నా వ్యాపారం తీరు మారింది. ఇదివరకు ఎన్ని లీటర్లు కావాలని అడిగేదాన్ని. ఇప్పుడు మీ ఇంట్లో ఎంతమంది, ఫ్రిజ్ తలుపు ఎవరెవరు తీస్తారు, కరెంటు పోతే ఏం చేస్తారు అని అడుగుతున్నాను. ఫ్రిజ్‌ని మన్నికైనది చూసి కొనుక్కోవడం సగం పనే. దాన్ని మన్నేలా వాడుకోవడం ఇంట్లో వాళ్లందరి పని. అది నాకు నేర్పింది ఆ తల్లీ కూతుళ్లే.

దసరా సెలవుల్లో వాళ్లిద్దరూ కొట్టుకి వచ్చారు. పిల్ల బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. మెళ్లో తాళంచెవి అలాగే ఉంది. మజ్జిగిద్దామని పాత ఫ్రిజ్ తాళం తీసి, తలుపు పట్టుకునే ఊరి కబుర్లు అడగడం మొదలెట్టాను.

“మామ్మగారూ, తలుపు!” అంది హర్షిత.

మా కొట్లో నన్ను గద్దించిన మనిషి ఇంతవరకు లేడు. నేను నోరు మూసుకుని తలుపు మూశాను.