కదిలిపోయిన ఆకుమడి

సైకిల్ తొక్కడం నాకు రాదు. అయినా మా మనవరాలికి సైకిల్ దారి చెప్పింది నేనే. ఆ చెప్పడంలో జరిగిన తప్పు కూడా నాదే.

ఆ సైకిల్ ఎదురింటివాళ్ళది. వాళ్ళమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక మెట్ల కింద తుప్పు పడుతుంటే చూడలేక అడిగి తెచ్చాను. పనికొచ్చే వస్తువు ఊరికే పాడవుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు దాన్ని తోమి, తుడిచి, నాలుగు సాయంత్రాల్లో మా వీధిలో తొక్కడం నేర్చేసుకుంది. ఆ తర్వాత మెయిన్ రోడ్డెక్కింది. వెనకనుంచి లారీ హారన్ కొడితే బెదిరి పక్కన మట్టిలో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ మా కోడలు బడిలో లెక్కలు చెప్పే మనిషి. జరిగిన దానికంటే జరగబోయేదాన్ని ఎక్కువ లెక్కేస్తుంది. ఆ సాయంత్రమే సైకిల్‌కి గొలుసు వేసి, తాళం చెవి హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది.

"ఎదురింటివాళ్ళకి తిరిగిచ్చేద్దామండీ అత్తయ్యగారూ," అంది.

పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. రోజూ బడి నుంచి రాగానే ఆ తాళం వేసిన సైకిల్‌ని తడిగుడ్డతో తుడిచేది. సీటు, హ్యాండిల్, చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ. వారం రోజులు చూశాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

"రోడ్డు కాకపోతే గట్టు లేదా?" అన్నాను కోడలితో.

"ఏ గట్టండీ?"

"కాలవ గట్టు. ఊరి చివర వంతెన దగ్గర ఎక్కితే మా సెల్లి ఇంటి ఎనకాల దిగొచ్చు. లారీ కాదు గదా, ఆటో కూడా పట్టదు."

"మీరు దానిమీద నడిచి ఎన్నేళ్ళయిందో!"

"నడవడం నేను మానేసాను గాని, కాలవ పారడం మానీలేదు కదా!"

మా కోడలికి నవ్వొచ్చింది. నవ్వొస్తే సగం పని అయినట్టే. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం పొద్దున్న పిల్ల గట్టు మీదుగానే, తారు రోడ్డు తొక్కకుండా, కోటవురట్ల వైపున్న మా చెల్లెలి ఊరు చేరాలి. క్షేమంగా చేరితే సైకిల్ ఉంటుంది. లేకపోతే ఎదురింటికి పోతుంది.

నేను చదివింది మూడో తరగతి దాకా. దీర్ఘాలు ఇప్పటికీ సరిగ్గా పెట్టలేను. అయినా చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక దారంతా నా చేత్తోనే రాసిచ్చాను. కాలువలోంచి పొలాల్లోకి నీళ్ళు వదిలే తూములు మూడు దాటాలి. మూడో తూము తర్వాత గట్టు రెండుగా చీలుతుంది. "ఆకుమడి ఉన్న పక్క గట్టు ఎక్కు. రెండో గట్టు ఎక్కితే ఆవలోకి పోతావు" అని రాశాను. ఆవ అంటే ఏడాదంతా నీళ్ళు నిలిచే బురద నేల. తుంగ గడ్డి, కలువ తీగలు, కొంగలు తప్ప మనుషులు కనబడరు. అక్కడ గట్టు నీళ్ళలోకి దిగి మాయమైపోతుంది.

ఒక మాట నోటితో కూడా చెప్పాను. "గట్టు మీద బరువున్నోలదే దారి. ఎవులైనా నెత్తి మీద మూటెట్టుకుని వస్తుంటే బెల్లు కొట్టకు. నువ్వే దిగి సైకిల్‌ని వారకి లాగు. బరువు మోసేవోలు పక్కకి తప్పుకోలేరు."

"మరి ఇద్దరికీ బరువుంటే, మామ్మా?"

"ఎక్కువ బరువున్నోలది. నోరు మూసుకుని పడుకో."

ఆదివారం ఏడింటికి పిల్ల బయల్దేరింది. గంటలో చేరాలి. ఎనిమిదిన్నరకి మా చెల్లెలు ఫోన్ చేసింది. "పిల్ల ఇంకా రాలేదేటే అప్పా?" పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకూడదని పట్టుబట్టిందీ నేనే. తొమ్మిదికి మళ్ళీ చేసింది. రాలేదు.

అప్పుడే చెల్లెలి ఊరి వైపు నుంచి కూరగాయల బండితో వచ్చే ఆమె మా గుమ్మం ముందు ఆగింది. వంకాయలు ఏరుతున్నాను గానీ మనసు అక్కడ లేదు. ఆమె తన గోడు తను చెప్పుకుంటోంది. "మా పక్క ఊడుపులు అయిపోచ్చేయమ్మా. ఆకుమడి ఒక్కటీ మిగల్లేదు. కూలీలు దొరక్క సస్తన్నాం."

నా చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

వరి నారు పోసిన మడిని మా వైపు ఆకుమడి అంటాం. నేను రాసింది, పది రోజుల కిందట చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆటోలోంచి చూసిన ఆకుమడి. చుట్టూ ఎర్రటి నీళ్ళ మధ్య చిలకపచ్చగా కొట్టొచ్చినట్టు ఉండేది. అంత మంచి గుర్తు ఇంకోటి లేదనుకున్నాను. కానీ ఆకుమడి అలా ఉండిపోయేదా! నారు పీకి, కట్టలు కట్టి, వేరే మళ్ళలో నాటేస్తారు, ఊడుపులంటే అవే. పుట్టిన దగ్గర్నుంచి మోకాటి లోతు బురదలో పెరిగినదాన్ని. నారు పీకిన చేతులివి. టౌన్‌లో నాలుగు గోడల మధ్య కూర్చుని, కదిలిపోయే దాన్ని పిల్లకి గుర్తుగా రాసిచ్చాను.

కోడలికి చెప్పకుండా వెళ్ళొచ్చు. చెప్పే వెళ్ళాను. "గుర్తు తప్పు రాశాను. పిల్ల ఆవ వైపు వెళ్ళిందేమో," అన్నాను. ఆమె ముఖం తెల్లబోయింది. స్కూటీ తీసి, "నేను పిన్నిగారి ఇంటి వైపు నుంచి వెతుక్కుంటూ వస్తానండీ. మీరు ఇటునుంచి రండి," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

షేర్ ఆటో నిండేదాకా ఆగడం నా అలవాటు. ఆరోజు ఆగలేదు. రోడ్డు కాలువకి దగ్గరగా వచ్చే చోట దిగి, చెరుకు తోట పక్కనుంచి గట్టు ఎక్కాను. బురదలో పాడవుతాయని చెప్పులు చేత పట్టుకున్నాను. అంత భయంలోనూ ఆ బుద్ధి పోలేదు.

మూడో తూము దాటాక ఊడుపుల వాళ్ళు కనబడ్డారు. నలుగురు ఆడవాళ్ళు నెత్తి మీద నారు కట్టలతో ఎదురొస్తున్నారు. నేను వారకి దిగి నిలబడ్డాను.

"సైకిల్ మీద ఓ పిల్ల ఎల్లిందేటమ్మా?"

ముందున్న ఆమె పకపకా నవ్వింది. "ఆ గుంటా! కాయితం సూసుకుని ఆకుమడి ఎక్కడండీ అని అడిగింది. ఇదిగో, మా నెత్తి మీదున్నాది అనీసినాం."

"నీ నవ్వు తగలెయ్య! ఎటు పోయింది?"

"కుడి గట్టే ఎక్కబోనాది మామ్మా. అయితే మేం బరువుతో వస్తన్నామని సైకిల్ దింపి వారకి లాగింది. ఈ కాలం పిల్లకి అంత బుద్దెవులు నేర్పినారో గాని, ఆ ఆగడంలోనే మాటా మాటా వచ్చింది. ఆవలోకి పోకే, సస్తావు అన్నాం."

"మరి ఇప్పుడేదీ?"

"అల్లదుగో. కట్టలు నాను తెస్తానంది. మీ పిల్లేనేటి? జీతం ఇవ్వలేమని ముందే సెప్తన్నాం."

ఆమె చూపించిన వైపు చూశాను. ఎడమ గట్టు మీద నా మనవరాలు సైకిల్‌ని నడిపించుకుంటూ వస్తోంది. క్యారియర్ మీద తాడుతో కట్టిన నారు కట్టలు, నీళ్ళు కారుతున్నాయి. ఆకుమడి అలా నా ఎదురుగా నడిచి వస్తోంది. నేను గట్టు మీదే కూర్చుండిపోయాను.

"మామ్మా! నువ్వేటి ఇక్కడ?"

"ఏటా? గంటలో సేరమంటే కూలికి కుదిరిపోతావా!" అని గట్టిగా అరిచాను. అరిచి, దాని చేతులు పట్టుకున్నాను. బురద చేతులు. చాలాసేపు వదల్లేదు. "తప్పు నాదేనమ్మా. ఆకుమడి అని రాయకూడదు," అన్నాను.

"ఆళ్ళు దారి సెప్పారు కదా మామ్మా. నాలుగు కట్టలు మోస్తే ఏటయింది?"

కట్టలు దింపేశాక నన్ను క్యారియర్ మీద కూర్చోమంది. ముసలిదాన్ని ఎక్కనన్నాను. వాళ్ళమ్మ అవతలనుంచి వెతుకుతోందని చెబితే, నడిస్తే ఆలస్యమవుతుందంది. అది నిజం. ఎక్కాను. ఒక చేత్తో సీటు కింద కమ్మీ, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకున్నాను. పక్కన కాలువ చప్పుడు లేకుండా పారుతోంది. అవతల ఆవలో కొంగలు ఒంటి కాలి మీద నిలబడి మమ్మల్ని పట్టించుకోలేదు. అన్నేళ్ళు నడిచిన గట్టు, కాలు కింద పెట్టకుండా వెనక్కి పోతుంటే వింతగా ఉంది.

ఎదురుగా ఖాళీ చేతులతో వస్తున్న ముసలాయన మమ్మల్ని చూసి తనే వారకి దిగాడు.

"మామ్మా, ఈసారి దారి మనదే," అంది పిల్ల.

"బరువు నేనా?"

"మరి?"

చెల్లెలి ఇంటి వెనక గట్టు మీద మా కోడలు మాకు ఎదురుగా నడిచొస్తోంది. పిల్లని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తర్వాత నన్ను, నా చేతిలో చెప్పుల్ని చూసింది.

"లారీ ఏదైనా వచ్చిందా?"

"ఒక్కటీ లేదమ్మా. బండి చప్పుడే లేదు," అంది పిల్ల.

కోడలు కాలువ వైపు చూసింది. నేను పిల్ల దగ్గర ఆ దారి కాగితం తీసుకుని, సైకిల్ ఎదురింటికి ఇచ్చెయ్యమని కోడలు అనేలోపే, "తప్పు నాది, పిల్లది కాదు," అన్నాను. ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి తాళం చెవి నా అరచేతిలో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి అత్తయ్యగారూ. గుర్తులు మాత్రం కదలనివి రాయండి."

తిరుగు ప్రయాణానికి స్కూటీ ఎక్కమంది. ఎండగా ఉందని, నడుం పట్టేస్తుందని రెండుసార్లు చెప్పింది. నేను ఆ కాగితం మీద ఆకుమడి కొట్టేసి, 'మూడో తూము, ఎడమ గట్టు' అని రాసి, చెప్పులు చేతిలోకి తీసుకుని సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాను.