సముద్రం ఒడ్డున నాయన నడక

మా నాయన కంబదూరు పక్క పల్లెలో గొర్రెలు కాస్తాడు. పొద్దంతా నడవడం ఆయనకు కొత్త కాదు. సముద్రం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈమధ్య, ఎండలు ముదరకముందే, మందను తమ్ముడికి అప్పజెప్పి ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడి నుంచి ఉత్తరంగా, ఒడ్డు వెంబడే కొన్నాళ్ళు ఆయనతో నడవాలని నా కోరిక.

మొదటి ఉదయమే నాయన దోసిలితో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇన్ని నీళ్ళుండాయి, గొర్రెకు ఒక గుక్కకు పనికిరావు గదమ్మా!" అని పగలబడి నవ్వాడు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర పిడికెడు మన్ను తీసి వాసన చూశాడు. "ఇది మన సీమ మన్నే. ఈడికి ఎవురు మోసుకొచ్చినారో!"

భీమిలి దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. అది దాటాక సరుగుడు తోటలు, వాటి ముందు ఇసుక నిండా ఎర్ర పీతలు. నాయన మందను అదిలించినట్టు ఒక్క అరుపు అరిచేసరికి అన్నీ బొరియల్లోకి దూరాయి.

"ఇంత మాట వినే జీవాలు నాకెప్పుడూ దొరకలేదు" అన్నాడు.

ఆ రాత్రి ఒక జాలరిపేటలో పడుకున్నాం. తెల్లవారగానే, ఒడ్డున కంచె వేసి తాబేలు గుడ్లను కాపాడే జాలరి ఒకాయన, అప్పుడే గుడ్లలోంచి వచ్చిన పిల్లలను బుట్టలో తెచ్చి ఇసుక మీద వదిలాడు. అవి నీళ్ళవైపు పాకుతుంటే కాకులు వాలాయి. నాయన తలగుడ్డ విప్పి గిరగిరా తిప్పుతూ వాటి మీదికి ఉరికాడు.

"ఏటి తాతా, కాకులతోటి నీకేటి పగ?" అని జాలరి నవ్వాడు.

"నా మంద జోలికొస్తే ఊరుకుంటానా అప్పా!"

ఒక పిల్ల వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. "ముట్టుకోవచ్చునా?" అని నాయన మెల్లగా అడిగాడు. జాలరి తలూపాక ఒక్క వేలితో దాన్ని తిప్పాడు. అంతలో పెద్ద అల వచ్చి పిల్లను తీసుకెళ్ళింది, నాయనను నడుము దాకా తడిపింది. ఆయన కదలకుండా అటే చూస్తూ నిలబడ్డాడు. గొర్రె ఈనినప్పుడు కూడా, పిల్ల లేచి నిలబడేదాకా అలాగే చూస్తాడు.

నిజానికి మేము అనుకున్న రోజులు అయిపోయాయి, ఆ రోజే బస్సెక్కి తిరిగి వెళ్ళాలి. నాయన పంచె పిండుకుంటూ అడిగాడు.

"ఈ ఒడ్డు యాడ దంకా పోతాదమ్మా?"

"ఒడిశా, ఆ పైన బెంగాల్ దాకా, నాయనా."

"మందను నీ తమ్ముడు చూసుకుంటాడులే. ఇంకొంచెం పోదాం పా."

నేను బస్సు సంగతి ఎత్తనే లేదు. ఆయన అప్పటికే చాలా ముందుకు వెళ్ళిపోయాడు.