ఉతికిన బొగ్గులు

మా పెద్దనాన్న మా పెద్దమ్మతో మాట్లాడటం మానేశాడనీ, ఏదైనా చెప్పాల్సి వస్తే పొయ్యికి చెబుతాడనీ మా వీధిలో అందరికీ తెలుసు. ఎదురింటి కుట్టుపనావిడ ఈ సంగతిని కిటికీలోంచి కళ్ళారా చూసింది. ఆయన పొయ్యినే చూస్తూ సబ్బు అయిపోవచ్చిందన్నాడట. పెద్దమ్మ పైకప్పు లేచిపోయేలా అరిచి ఏదో జవాబు చెప్పిందట. ఆయన తల కూడా తిప్పకుండా మళ్ళీ పొయ్యికే సరేనన్నాడట. పంపు దగ్గర బయల్దేరిన ఈ కబురు వీధి చివరికి చేరేసరికి, మొగుడూ పెళ్ళాలు పొయ్యిలో గోడ కట్టుకుని చెరో మంట పెట్టుకున్నారన్న దాకా వెళ్ళింది.

గోడ మాట మాత్రం అబద్ధం కాదు. కాకపోతే అది ఒక్క ఇటుక.

పెద్దనాన్న రైలింజన్లో బొగ్గు వేసి వేసి రిటైరైన మనిషి. చేతుల్లో పార ఉండే అలవాటు వల్ల ఇప్పటికీ ఏ తలుపునైనా మోకాలితోనే తోస్తాడు. వంట ఆలస్యమైతే ఇంకా ఆవిరి పట్టలేదా అని అడుగుతాడు. ఆయన దృష్టిలో నిప్పంటే రాక్షసి బొగ్గు నిప్పే. కట్టెల మంట చలి కాచుకునే పిల్లల ఆట.

పెద్దమ్మది లాడ్జి దుప్పట్లు ఉతికే పని. వానాకాలంలో ముందుగదిలో ఇనప పొయ్యి చుట్టూ తాళ్ళు కట్టి, తెల్ల దుప్పట్లు ఆరేస్తుంది. బడి మానేసిన దగ్గర్నుంచి వాటిని మడతపెట్టేది నేనే. బొగ్గుల తట్ట గుమ్మం దాటి లోపలికొస్తే చాలు, పెద్దమ్మకు ఒళ్ళు మండిపోతుంది. ఒక్క నలుసు ఎగిరి పడినా ఆ దుప్పటి మళ్ళీ తొట్టిలోకి వెళ్ళాల్సిందే. రాక్షసి బొగ్గు అన్న పేరు ఎవరో ఉతికేవాళ్ళే పెట్టి ఉంటారని ఆవిడ నమ్మకం.

కానీ ఉత్త కట్టెలైతే మంట గబగబా లేచి అంతే గబగబా చల్లారిపోతుంది, దుప్పట్ల అంచులు తడిగానే మిగిలిపోతాయి. ఉత్త బొగ్గులైతే అంటుకునేసరికి సగం పూట గడుస్తుంది. అందుకని పొయ్యి మధ్యలోకి ఇటుక వచ్చింది. ఎడమ పక్క పెద్దమ్మ కట్టెలు, మెత్తటి బూడిద పరుపు మీద. కింద బూడిద ఉంటే కట్టె నిదానంగా కాలుతుంది. కుడి పక్క పెద్దనాన్న బొగ్గులు, ఉత్త ఇనప ఊచల మీద. బొగ్గుకు కిందనుంచి గాలి ఆడాలి. ఆవిడ ఎడమ పక్క పీట వేసుకునేది, ఆయన కుడి పక్క. ఎవరి నిప్పు వాళ్ళది. పొగ మాత్రం ఉమ్మడి.

ఆ ఉమ్మడి పొగే కొంప ముంచబోయింది. మేడ మీద ఉంటూ మాకు కింది వాటా అద్దెకిచ్చిన ఇంటాయన గోడకు కొత్తగా సున్నం వేయించాడు. వారం తిరక్కుండా పొగగొట్టం కింద నల్లటి చార దిగింది, గోడ కాటుక పెట్టుకుని ఏడ్చినట్టు. ఆయన దిగివచ్చి, ఆదివారం సాయంత్రం తాను వీధిలో నిలబడి చూస్తాననీ, గొట్టంలోంచి నల్లపొగ వస్తే మర్నాడే మేస్త్రీతో కన్నం మూయిస్తాననీ చెప్పి వెళ్ళాడు. కన్నం మూస్తే పొయ్యి లేదు. పొయ్యి లేకపోతే వానల్లో దుప్పట్లు ఆరవు. ఒక్క పూట ఆలస్యమైనా పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని లాడ్జి మేనేజరు అప్పటికే అంటున్నాడు. పెద్దమ్మ ఆ వారమంతా సబ్బు నురగలోకి చూస్తూ కూచుండిపోయేది.

ఆదివారం పొద్దున పెద్దనాన్న తనిఖీకి సిద్ధమయ్యాడు. ఇంజన్ రోజుల్లో తనిఖీ వస్తోందంటే పొయ్యి లోపలంతా గీకి శుభ్రం చేయడం ఆయన అలవాటు. ఇప్పుడూ అలాగే ఊచలు మెరిసేదాకా గీకి, ఆ ఊపులో పెద్దమ్మ వైపు బూడిద పరుపంతా ఎత్తి పెంటలో పోశాడు. ఆవిడకు సాయం చేశానని మురిసిపోయాడు కూడా.

అదే సమయంలో పెద్దమ్మ పెరట్లో కూచుని ఆయనకు సాయం చేస్తోంది. బొగ్గులు ఉతుకుతోంది. నల్లపొగకు కారణం వాటికి అంటుకున్న నల్లటి దుమ్మేనని ఆవిడకు తట్టింది. తట్టెడు బొగ్గులు తొట్టిలో పోసి, సబ్బు పెట్టి రుద్ది, నీళ్ళు మార్చి జాడించి, పాత దుప్పటి మీద ఆరబోసింది. అవి కొత్త చెప్పుల్లా నిగనిగలాడాయి. పైపైన ఆరాయి గానీ సందుల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి.

సాయంత్రం ఇంటాయన గొడుగేసుకుని ఎదురింటి అరుగెక్కాడు. కుట్టుపనావిడ ఆయనకు కుర్చీ వేసి, తనకూ ఒకటి వేసుకుంది. లోపల పెద్దమ్మ పుల్లలు అంటించింది. కింద బూడిద లేకపోవడంతో కట్టెలు భగ్గున లేచాయి. కుడి పక్క బొగ్గులు మాత్రం చిటపటలాడి, బుస్సుమని, సబ్బు వాసన వేసే పొగ కక్కాయి. గది నిండిపోయింది. గొట్టంలోంచి ఏం వెళ్తోందో ఎదురింటావిడ కేకను బట్టి మాకు తెలిసింది.

పెద్దనాన్న పటకారుతో ఒక బొగ్గు తీసి వాసన చూశాడు.

"వీటినేం చేశావే?" అన్నాడు, పొయ్యి వంక చూస్తూ.

"ఉతికానండీ," అంది పెద్దమ్మ గొంతు చించుకుని. "పెద్దమనిషి చూడ్డానికొస్తున్నాడు కదా, మాసినవి ఎందుకని."

"నీలిమందు కూడా పెట్టాల్సింది."

"నా బూడిదేదీ?"

"ఊడ్చేశాను. తనిఖీ కదా."

ఈలోగా ఇంటాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు. గుమ్మం పెద్దనాన్నకు కుడి పక్క. "ఇక చాలు పెద్దాయనా, నీళ్ళు పోసి ఆర్పేయండి," అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత గొడుగు నేలకేసి కొట్టి మరీ అన్నాడు. పెద్దనాన్న ఈగ వాలినంత కూడా పట్టించుకోలేదు.

పటకారు పెట్టి ఇటుకను పీకి బయట పడేశాడు. మండుతున్న కట్టెల్ని పొయ్యి అంతా పరిచాడు. బొగ్గుల్ని పార కొసతో, ఒకదాని మీద ఒకటి పడకుండా, మంట మీద పల్చగా చల్లాడు. పొయ్యి పై తలుపు వేలెడు సందు తెరిచాడు. అక్కడ్నుంచి గాలి తగిలితే పొగ కూడా మండిపోతుందని ఆయన ఎప్పుడూ చెబుతుంటాడు. పెద్దమ్మ ఇంకో కట్టె అందించింది. తడి ఇగిరింది. బొగ్గులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. పొగ తెల్లబడిందని ఎదురింటావిడ అరుగు మీంచి ప్రకటించింది, ఏదో పోగొట్టుకున్నదానిలా.

ఇంటాయన బయటకు వెళ్ళి చూసి, తిరిగొచ్చి, పెద్దమ్మ పీట మీద కూచుని చేతులు కాచుకున్నాడు. పొయ్యి ఉండొచ్చు గానీ ఇటుక మళ్ళీ కనబడకూడదన్నాడు. బయట వాన పెద్దదైంది. ఆయన భోజనాల వేళ దాకా లేవలేదు. పొగచూరిన దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికాం. కట్టె కింద, బొగ్గు పైన కలిసి కాలిన ఆ పొయ్యికి తెల్లారేసరికి అన్నీ ఆరాయి, అంచులతో సహా.

ఇప్పుడు వీధిలో కబురు కాస్త మారింది. ఇంటాయన ఇటుక తీయించి ఆలుమగల్ని కలిపాడట. పెద్దనాన్న ఇంటి యజమానినే లెక్కచేయని మొండిఘటమట. ఎంత కలిసినా పెళ్ళాం మొహం మాత్రం చూడడట, ఇప్పటికీ పొయ్యికే చెబుతాడట.

పెద్దనాన్న కుడి చెవి ఇంజన్ మోతకు ఎప్పుడో పోయింది. పొయ్యి వైపు తిరిగి కూచుంటేనే, వినబడే ఎడమ చెవి పెద్దమ్మ వైపు ఉంటుంది.